మన ఊళ్లో జరిగిన నిజ కథను రేడియో నాటికగా మలచడం ఎలా? మొదటి పలకరింపు నుంచి చివరి రికార్డింగ్ దాకా

తండేల్ సినిమా వచ్చినప్పుడు కావలి దగ్గర ఒక పట్టపుపాలెం (పట్టపు జాలర్ల పల్లె) కుర్రాళ్లు ఇద్దరు రాత్రి ఆట చూసి, తెల్లారేసరికి మా ఇంటి ముందు బండి ఆపారు. 2018లో గుజరాత్ వైపు వేటకెళ్లి పాకిస్తాన్ వాళ్లకు చిక్కిన శ్రీకాకుళం జాలర్ల అనుభవం ఆధారంగా తీసిన సినిమా అది. "అన్నా, వాళ్ల కథ తెర మీదకొచ్చింది గదా, సునామీ రోజు గురించి మా అమ్మమ్మ చెప్పేది దానికేం తక్కువ? దాన్ని ఎట్టా తీయాలో చెప్పన్నా" అని ఒకడు అడిగాడు. రెండోవాడు ఏమీ మాట్లాడకుండా ఫోన్‌లో వాళ్ల అమ్మమ్మ ఫోటో చూపించాడు.

నేను చాలా ఏళ్లుగా రేడియో నాటికలు రాస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నాలు సంక్షిప్త శబ్దచిత్రం, అంటే సినిమా మాటలూ పాటలూ కుదించి రేడియోలో వేసేది, వింటూ పెరిగినవాణ్ని, బొమ్మ లేకుండా సినిమా మొత్తం చెవిలోకి ఎలా వస్తుందో నాకు అక్కడే తెలిసింది. అందుకే వాళ్లకు ముందు రేడియో నాటిక చేద్దాం, సినిమా సంగతి తర్వాత చూద్దాం అన్నాను. ఒక ఫోను, నలుగురు మనుషులు, రెండు దుప్పట్లు ఉంటే చాలు. ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో ఏం చేశామో, అంతకుముందు నేను చేసిన తప్పులేంటో అన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఒక్క సంగతి మాత్రం మొదట్లోనే చెప్పేస్తాను: ఆ కథ ఎవరిదో వాళ్లే మీ మొదటి శ్రోత. ఏ మెట్టు దగ్గరైనా అనుమానం వస్తే తిరిగి వాళ్ల దగ్గరికే వెళ్లాలి.

1. ఏ రకం కథో ముందే తేల్చుకోండి

"యథార్థ సంఘటన ఆధారంగా" అనే ఒక్క ముక్క కింద మూడు రకాల పనులు దాక్కొని ఉంటాయి, మొదలుపెట్టేవాళ్లు చాలామంది తాము చేసేది ఏ రకమో తేల్చుకోకుండానే దిగి, మధ్యలో ఇరుక్కుపోతారు.

ఒకటి, అసలు పేరుతో అసలు జీవితం. 2018లో వచ్చిన మహానటి సావిత్రి గారి కథ, 2019లో వచ్చిన మల్లేశం చేనేతలో నూలు చుట్టే ఆసుయంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారి కథ. మన వైపు మనిషి టంగుటూరి ప్రకాశం పంతులు గారి మీద 1983లో విజయచందర్ తీసిన ఆంధ్రకేసరి కూడా ఈ కోవలోదే. ఇలాంటివాటిలో కూడా కల్పన ఉంటుంది. మహానటిలో సావిత్రి కథను వెతుక్కుంటూ వెళ్లే విలేకరి అమ్మాయి కల్పిత పాత్రే, కాకపోతే ఆ అమ్మాయి లేకపోతే అంత పెద్ద జీవితంలో మనం దారి తప్పేవాళ్లం.

రెండోది, కేసు నిజం, మనుషుల్ని మార్చినది. జై భీమ్ 1993 నాటి ఒక లాకప్ మరణం కేసు మీద తీసినది, ఆ కేసు వాదించిన న్యాయవాది చంద్రు గారు తర్వాత మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. లాయరు పేరు, చనిపోయిన రాజాకన్ను పేరు ఉంచారు, ఆయన భార్య పేరు, వాళ్ల కులం మార్చారు. రేడియోలో ఈ పద్ధతి చాలా పాతది. అమెరికాలో 1949లో డ్రాగ్నెట్ అనే ధారావాహిక మొదలైంది, లాస్ ఏంజెలెస్ పోలీసుల కేసు ఫైళ్ల నుంచి కథలు తీసుకునేవాళ్లు, కథ నిజం, పేర్లు మాత్రం మార్చాం అని ప్రతివారం మొదట్లోనే చెప్పేసేవాళ్లు. ఆ ఒక్క ప్రకటనతో వినేవాళ్లకు ఎంత నమ్మాలో తెలిసిపోయేది.

మూడోది, పేర్లు నిజం, జరిగింది ఊహ. ఆర్ఆర్ఆర్‌లో అల్లూరి, కొమురం భీమ్ ఇద్దరూ చరిత్రలో ఉన్నవాళ్లే, వాళ్ల స్నేహం మాత్రం కల్పితం. దీని జోలికి మొదటిసారి రాసేవాళ్లు పోవద్దని నా సలహా. చరిత్రకెక్కిన వీరుల పేర్లు పెట్టుకుంటే జనం ఊహను ఊహగా తీసుకుంటారు, మీ పక్కవీధి మనిషి పేరు పెట్టి లేనిది కల్పిస్తే అది అబద్ధం కిందే లెక్క.

మేము రెండో రకం ఎంచుకున్నాం. పేరు మార్చాలి, రోజు, ఊరు, సముద్రం మార్చకూడదు అని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాం.

2. దూబగుంట కథను ఒకసారి చదవండి

నెల్లూరు జిల్లాలో ఉండి నిజ కథలు రాస్తామనే వాళ్లకు ఇంతకన్నా పెద్ద పాఠం దొరకదు. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తున్నప్పుడు రాత్రి బడుల్లో ఆడవాళ్లకు చదువు చెప్పే వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, తాగుబోతు మొగుడి వల్ల ఒక ఇల్లాలు పడ్డ అవస్థ. దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్లు ఇది మన కథే అనుకున్నారు, లేచి ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వర్ధినేని రోశమ్మ గారు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది అందువల్లే. తర్వాత దూబగుంట ఆడవాళ్లు చేసిన పనే "ఆడవాళ్లు ఏకమైతే" అని మరో పాఠమయ్యింది, దాన్ని చదివి ఇంకో ఊరి ఆడవాళ్లు లేచారు, నెల్లూరులో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం.

చూడండి, కల్పిత కథ నిజమైన పని చేయించింది, ఆ నిజం మళ్లీ కథయ్యింది, ఆ కథ ఇంకో ఊళ్లో మళ్లీ నిజమయ్యింది. ఒక వాచకంలో పట్టే పాఠం ఎంతుంటుంది, రెండు మూడు పేజీలు. అంత చిన్నదాన్ని జాగ్రత్తగా రాసినందుకు అంత దూరం వెళ్లింది. నేను ఈ సంగతి కుర్రాళ్లకు చెప్పినప్పుడు "అంటే మొత్తం సునామీ అక్కర్లేదా అన్నా?" అన్నాడు చిన్నోడు. అక్కర్లేదు. ఒక ఇల్లు, ఒక పొద్దు చాలు.

3. మనిషి దగ్గర కూర్చోవడం

ఇదే అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకోవాల్సిన పని, అందరూ ఒక్క మధ్యాహ్నంలో ముగించేసేదీ ఇదే.

మొదటిరోజు ఫోన్ బయటికి తీయొద్దు. రికార్డింగ్ అనగానే మనిషి సర్దుకుని కూర్చుంటుంది, టీవీలో మాట్లాడినట్టు మాట్లాడుతుంది, "ఆ దేవుడు మమ్మల్ని కాపాడాడు" అనే రెండు ముక్కలతో ముగించేస్తుంది. మేము మొదటి రెండుసార్లు ఊరికే వెళ్లాం. కుర్రాళ్ల అమ్మమ్మ, మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం, ఎండుచేపలు తిరగేస్తుంటే పక్కన కూర్చున్నాం. మూడోసారి వెళ్లినప్పుడు "పెద్దమ్మా, నువ్వు చెప్పేది ఫోన్లో పెట్టుకోవచ్చా?" అని అడిగాం, "పెట్టుకో అబ్బయా, నాకేం" అంది.

అడిగే ప్రశ్న ముఖ్యం. "అప్పుడు నీకెలా అనిపించింది?" అని అడిగితే ఏడుస్తుంది, లేదా మౌనంగా ఉంటుంది, రెండిటివల్లా మీకు కథ రాదు, ఆమెకు బాధ మాత్రం మిగులుతుంది. వస్తువుల గురించి అడగండి, చేతుల గురించి అడగండి. నేను "ఆ పొద్దున ఏం వండుతున్నావు పెద్దమ్మా?" అని మాత్రమే అడిగాను. అప్పటిదాకా నిండుగా మాట్లాడుతున్న మనిషి ఒక్క క్షణం ఆగి, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్లీ చుట్టుకుంటూ చెప్పింది.

"పొయ్యి మీద అన్నం పెట్టినా. ఎసరు మరుగుతా ఉండాది, మూత టకటక అంటా ఉండాది. బయట పిల్లకాయలు కేకలేస్తే ఏందబ్బా అని వచ్చినా. సముద్రం యాడికో పోయినట్టు ఎనక్కి పోయి ఉండాది. ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తినా. మూడోనాడు వచ్చి చూస్తే ఇల్లు లేదు. గిన్నె మటుకు ముళ్లకంపకు తగులుకోని ఉండాది, దాన్నిండా ఇసుక."

ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో సునామీ గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు, గిన్నె సంగతి మనవళ్లకే తెలియదు. నాటిక అక్కడే దొరికింది.

ఒక గంటకన్నా ఎక్కువసేపు కూర్చోబెట్టకండి. ఆమె ఆపమంటే అక్కడే ఆపాలి, ఆ విషయం మళ్లీ ఆమే ఎత్తేదాకా మీరు ఎత్తకూడదు.

4. విన్నదాన్ని సరిచూసుకోవడం

పెద్దమ్మ "అది సోమారం" అని గట్టిగా చెప్పింది. సునామీ వచ్చింది 2004 డిసెంబరు 26, ఆదివారం. కానీ అదే మాటల్లో "ముందు రోజు రాత్రి చందమామ నిండుగా ఉన్నాడు, మర్నాడు పున్నమి" అని కూడా అంది. పాత పంచాంగం తీసి చూస్తే డిసెంబరు 26నే మార్గశిర పౌర్ణమి. వారం తప్పింది, తిథి తప్పలేదు. సముద్రం మీద బతికేవాళ్లకు ఆటుపోట్లు చందమామను బట్టే కదా, వాళ్ల క్యాలెండరు ఆకాశంలోనే ఉంటుంది. ఇలాంటిది దొరికినప్పుడు తప్పును దిద్దడంతో ఆపేయకుండా ఆ తేడాను నాటికలోకి తెచ్చుకోవాలి. మా నాటికలో పెద్దమ్మ పాత్ర వారం అసలు చెప్పదు, పున్నమి అనే చెబుతుంది.

ఇక కాగితాల సంగతి. పాత వార్తల కోసం ముందు మీ జిల్లా గ్రంథాలయానికి వెళ్లండి. నెల్లూరు నుంచి దశాబ్దాలుగా వస్తున్న జమీన్ రైతు వారపత్రిక పాత సంచికలు ఎవరి ఇంట్లోనైనా బైండు చేసి ఉంటే అదృష్టమే. ఇంకా పాత సంగతైతే వేటపాలెం వెళ్లడం తప్పదు. 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడే ఉంది, 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు, పాత పత్రికలను వాళ్లు దాచినట్టు దాచినవాళ్లు మన వైపు అరుదు. వేటపాలెం ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ ఒంగోలు వాళ్లకు ఎప్పుడూ దగ్గరే. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట చీరాల-పేరాల జనం ఇళ్లు వదిలి ఊరి బయటికి వెళ్లిపోయారే, అలాంటి కథ రాయాలనుకునేవాళ్లు అక్కడ ఒక వారం కూర్చోవాలి.

ప్రభుత్వ రికార్డు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తులో "సునామీ వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు, ఏ ఊరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ కాగితం నకలు కావాలో విడివిడిగా రాయాలి.

5. అనుమతి, చట్టం

సుప్రీంకోర్టు 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో చెప్పిన మాట తెలుసుకోండి. కోర్టు రికార్డుల్లాంటి బహిరంగ పత్రాల్లో ఉన్నంతవరకు ఒకరి గురించి అనుమతి లేకుండా రాయొచ్చు, దాన్ని దాటి వాళ్ల ఇల్లు, పెళ్లి, పిల్లల సంగతుల్లోకి వెళ్తే అనుమతి కావాలి. 2017లో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. అత్యాచార బాధితుల పేరుగానీ, వాళ్లెవరో తెలిసేలా ఏ వివరంగానీ బయటపెట్టడం నేరం, పాత శిక్షాస్మృతిలో 228ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. లైంగిక దాడికి గురైన పిల్లల విషయంలో పోక్సో చట్టం ఇంకా కఠినం. ఇలాంటి కథ మీ చేతికొస్తే లాయరును కలవకుండా ఒక్క పేజీ కూడా రాయొద్దు.

మనిషి బతికి ఉండగా ఆమె మీద తీసి, ఆమెను పక్కనపెడితే ఏమవుతుందో 1994 నాటి బండిట్ క్వీన్ చూపించింది. ఫూలన్ దేవి స్వయంగా కోర్టుకెళ్లి ఆ సినిమాను ఆపమని అడిగింది.

మేము ఒక తెల్లకాగితం మీద ఐదు వాక్యాలు రాశాం: ఏ కథ, దేనికి వాడతాం, పేరు మారుస్తాం, పూర్తయ్యాక ముందు మీకే వినిపిస్తాం, నచ్చనిది తీసేస్తాం. పెద్దమ్మకు చదివి వినిపించి, మనవడి ముందే వేలిముద్ర తీసుకున్నాం. డబ్బు సంగతి కూడా అప్పుడే మాట్లాడుకోవాలి, "ఏదైనా వస్తే సగం మీకు" అని నోటిమాటగా అనేసి తర్వాత నీళ్లు నమలకూడదు.

6. పేరు మారిస్తే సరిపోదు

ఇది నాకు దెబ్బ తగిలి తెలిసింది. చాలా ఏళ్ల క్రితం మా ఊరి టైలరు ఒకాయన కథ రాశాను. అప్పు, అన్నదమ్ముల గొడవ, చెల్లెలి పెళ్లి ఆగిపోవడం. పేరు మార్చాను, కులం చెప్పలేదు, ఇంటిపేరు లేదు. కానీ నాలుగురోడ్ల దగ్గర కొట్టు, ఎడమకాలు ఈడుస్తూ నడవడం, మిషను కుడుతూ పాత పాటలు పాడటం, ఇవన్నీ అలాగే ఉంచాను, అవి నాకు అంత బాగా నచ్చాయి. నాటిక విన్న మర్నాటికల్లా ఊరంతటికీ తెలిసిపోయింది. ఆయన టీ కొట్టుకు రావడం మానేశాడు. క్షమాపణ చెప్పడానికి వెళ్తే గుండీలు కుడుతూ తలెత్తకుండా అన్నాడు: "పేరు ఒక్కటే నాది కాదు నాయనా. మిగతాదంతా నాదే."

అప్పటినుంచి నేనొక పని చేస్తాను. రాసింది తీసుకెళ్లి ఆ ఊరివాళ్లలో ఈ కథ తెలియని ఒకరికి ఇచ్చి, "ఇదెవరో చెప్పగలవా?" అని అడుగుతాను. చెప్పగలిగితే వృత్తి, వయసు, వీధి, శరీరంలో గుర్తులు, వీటిలో కనీసం రెండు మారుస్తాను. మార్చేటప్పుడు కథకు ప్రాణమైన వివరం పోకుండా చూసుకోవాలి. టైలరు కథలో ప్రాణం ఆ పాట, కాలు కాదు. కాలు తీసేసి పాట ఉంచితే సరిపోయేది, నేను రెండూ ఉంచాను.

7. రాయడం

పదిహేను నిమిషాల నాటికకు నా లెక్కలో నిమిషానికి వంద మాటలు. అంటే పద్నాలుగు పదిహేను వందల మాటలు రాస్తే శబ్దాలకు, మౌనానికి చోటు లేక పొంగిపోతుంది, పన్నెండు వందల దగ్గర ఆపండి. నలుగురికి మించి పాత్రలొద్దు, గొంతులు కలిసిపోతాయి. కొత్త పాత్ర వచ్చిన మొదటి మాటలోనే ఇంకొకరు వాళ్లను వరసపెట్టి పిలవాలి, "రాప్పా మామా" అంటే చాలు, వచ్చింది మగమనిషి, మేనమామో మామయ్యో అని చెవికి తెలిసిపోతుంది.

మన యాస వదలకండి. "ఎక్కడికి వెళ్తున్నావు" అని రాసి నటులను నెల్లూరు యాసలో చదవమంటే కుదరదు, "యాడికి పోతుండావు" అనే రాయాలి. అలాగని ప్రతి మాటనూ వంకర్లు తిప్పి రాసినా చదివేవాళ్లకు నోరు తిరగదు. పెద్దమ్మ మాట్లాడింది ఫోన్లో ఉంది కదా, దాన్ని రోజుకు పది నిమిషాలు వినండి, వాక్యం ఎక్కడ ఆపుతుందో అది పట్టుకోండి.

అల చప్పుడు పెట్టాలని కుర్రాళ్లు చాలా పట్టుబట్టారు. ఇంటర్నెట్లో దొరికిన హోరు నాలుగైదు రకాలు తెచ్చారు కూడా. నేను ఒప్పుకోలేదు. నాటిక మొదలయ్యేది మరిగే అన్నం మూత టకటకతో, పెద్దమ్మ పాత్ర పరిగెత్తాక కూడా అది అలాగే ఒక ఐదు సెకన్లు వినిపిస్తుంది, తర్వాత ఒక్కసారిగా ఆగిపోతుంది. మూడు సెకన్ల మౌనం. అల ఎంత పెద్దదో వినేవాళ్లు వాళ్లంతట వాళ్లే కట్టుకుంటారు.

సినిమాగా తీసేవాళ్లకు ఒక్క మాట. ఊరివాళ్లనే పెట్టుకోవడానికి భయపడకండి, 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెంలో ఎక్కువమంది ఆ పేటవాళ్లే నటించారు. కానీ ఎవరి కథో వాళ్లను వాళ్ల పాత్రలోనే వేయించొద్దు. ఆ రోజును మళ్లీ బతకమని అడిగినట్టే అది.

8. రికార్డింగ్

చిన్న గది, కిటికీలు మూసి, గోడలకు బొంతలు వేలాడదీయండి. ఫ్యాను ఆపేయండి, ఫ్రిజ్ ఉంటే అదీ. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, నోటికి జానెడు దూరంలో, కొద్దిగా పక్కకు ఉంచితే ప, బ అక్షరాల గాలి మైకుకు కొట్టదు. ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని అర నిమిషం విడిగా రికార్డు చేసుకోండి, ఎడిటింగులో అతుకుల మధ్య అదే పనికొస్తుంది. ఎడిటింగుకు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. సినిమా పాటలు వాడొద్దు, హక్కుల తలనొప్పి. ఆకాశవాణికి ఇవ్వాలనుకుంటే రికార్డు చేయకముందే స్క్రిప్టు నాటక విభాగానికి పంపండి, వాళ్లకు ఆడిషన్ చేసి గ్రేడు ఇచ్చిన నటులు ఉంటారు.

9. తిరిగి వినిపించడం

రికార్డింగ్ అంతా అయ్యాక ఒక సాయంత్రం పెద్దమ్మ దగ్గరికి వెళ్లాం. స్పీకరు తెచ్చారు కుర్రాళ్లు, వద్దంది, ఫోనునే చెవికి ఆనించుకుంది. మేమంతా ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాం, నాకైతే చెప్పలేనంత టెన్షన్. అర నిమిషం కూడా కాలేదు, ఫోన్ చెవినుంచి తీసేసింది.

"ఇదేం మూత అబ్బయా?"

స్టీలు గిన్నె పెద్దమ్మా అన్నాను. మా ఇంట్లోదే తెచ్చి రికార్డు చేశాం.

"మాకు స్టీలు యాడుండాయి అప్పుడు? సత్తు గిన్నె. దాని చప్పుడు ఇట్టా ఖంగుమని ఉండదు, బొటబొటా అంటది." లేచి లోపలికి వెళ్లి అటకమీద నుంచి సొట్టలు పడ్డ సత్తుగిన్నె ఒకటి తెచ్చింది. అదే గిన్నె. ముళ్లకంప మీద నుంచి తెచ్చుకుని, ఇసుక కడిగి, ఇరవై ఏళ్లు దాచుకుంది, మేమెవరమూ ఉందా అని అడగలేదు.

ఆమె పొయ్యి రాజేసింది. గుప్పెడు బియ్యం పోసింది. ఎసరు మరిగేదాకా ఎవరూ మాట్లాడలేదు, చిన్నోడు ఫోన్ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు, మూత కదలడం మొదలవ్వగానే రికార్డు బటన్ నొక్కాడు.